మంజీర ఉత్తరానికి పారుతుంది: ప్రాథమిక బడిలో భూగోళం ఎవరి పని?

ఎక్కడైనా పెళ్లిలోనో ప్రయాణంలోనో కొత్తవారు పరిచయమై, నేను పంతులునని తెలియగానే మొదట అడిగే ప్రశ్న "మీరేం సబ్జెక్టు సార్?" అని. ఉన్నత పాఠశాలలో పనిచేసే మిత్రులు గణితమనో, సోషలనో, హిందీ అనో వెంటనే చెప్పేస్తారు. ప్రాథమిక పాఠశాలలో పనిచేసే మేము మాత్రం "నేను ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని)" అంటాం. అది ఉద్యోగ హోదా పేరే తప్ప విషయం పేరు కాదు. ఇంకా అడిగితే అన్నీ మేమే చెబుతామంటాం. అన్నీ అంటే తెలుగు, గణితం, ఇంగ్లీషు, మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం. ఆ జాబితాలో భూగోళం పేరు ఎక్కడా వినిపించదు. ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో ప్రాథమిక పాఠశాలల్లో పనిచేస్తూ వచ్చిన నాకు ఈ వెలితి చాలా కాలంగా మనసులో మెదులుతూనే ఉంది. భూగోళం చెప్పడం తన పని అని ప్రాథమిక ఉపాధ్యాయుడు ముందు తాను నమ్మాలనీ, ఆ నమ్మకం కలిగేలా అతని శిక్షణా, బదిలీలూ, సమావేశాలూ మారాలనీ నా వాదన. అయిదో తరగతి లోపు పిల్లలు నేర్చుకోవలసిన భూగోళమంతా వాళ్ల ఊరి చుట్టూనే ఉంటుంది. దాన్ని తర్వాత వచ్చే ఏ సోషల్ సారూ వెనక్కి వచ్చి చెప్పలేరు.

మా గుర్తింపు ఇలా తయారు కావడానికి కారణాలున్నాయి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు గణితం-సైన్సుకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు కనీసం ఉండాలని చెప్పిన ఆ చట్టం, ఒకటి నుంచి అయిదు తరగతుల దగ్గరికి వచ్చేసరికి పిల్లల సంఖ్యనే లెక్కపెట్టింది. అరవై మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, ఆపైన సంఖ్యను బట్టి. చిన్న పిల్లలకు ఒకే గురువు ఉండడం మంచిదే కాబట్టి దీన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ పేరులేని పనికి యజమాని ఉండడు. ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ అయిన డీఈడీ చదవడానికి వచ్చేవారిలో ఇంటర్మీడియట్‌లో ఎంపీసీనో బైపీసీనో తీసుకున్నవారు భూగోళాన్ని పదో తరగతితోనే వదిలేసి ఉంటారు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ మొదటి పేపరులో 150 మార్కులకు పరిసరాల విజ్ఞానానివి 30. మొక్కలు, జంతువులు, ఆరోగ్యం, చరిత్ర, పౌరశాస్త్రం అన్నీ పంచుకోగా అందులో భూగోళానికి మిగిలేది కొద్దిపాటి ప్రశ్నలు. అవి కూడా ఏ నది ఎక్కడ పుట్టింది, ఏ నేల ఏ పంటకు అనుకూలం అన్న తరహాలోనే ఎక్కువగా ఉంటాయి. అలా కంఠస్థం చేసి గట్టెక్కిన మనిషి తరగతి గదిలోనూ కంఠస్థమే చేయిస్తే ఆశ్చర్యపోవలసింది లేదు.

ప్రాథమిక స్థాయిలో విజ్ఞానాన్నీ సమాజాన్నీ విడదీయకుండా ఒకే విషయంగా చెప్పాలన్న ఆలోచన 1975 నాటి పాఠ్యప్రణాళిక చట్రం కాలం నుంచీ ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం దాన్ని మరింత గట్టిగా నిలబెట్టింది. 2023 చట్రం కూడా మూడు నుంచి అయిదు తరగతులకు 'మన చుట్టూ ఉన్న ప్రపంచం' అనే పేరుతో అదే దారిలో నడిచింది. నేను ఈ కలయికను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. చెరువును చూసే పిల్లవాడికి అందులో చేప ఒక సబ్జెక్టు, కట్ట ఇంకో సబ్జెక్టు అని ఎందుకు అనిపించాలి? ఇబ్బంది ఆచరణలో వస్తోంది. చేప గురించి చెప్పడానికి మాలో చాలామందికి ధైర్యం ఉంది. మొక్క భాగాలు, ఆహారం, జ్ఞానేంద్రియాలు వచ్చినప్పుడు పాఠం ఉత్సాహంగా సాగుతుంది. పటం వచ్చిన రోజున మాత్రం రంగులు వేయించి, నదుల పేర్లు రాయించి, వచ్చే పాఠానికి వెళ్లిపోతాం. దీని వెనక బద్ధకం కంటే 'ఇది నా విషయం కాదులే, ఆరో తరగతిలో చెబుతారులే' అన్న భావన ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

ఆరో తరగతి దాకా ఆగితే ఏం పోతుందో చెప్పడానికి ఒక పాఠాన్ని కాస్త వివరంగా చూపిస్తాను.

మంజీర నది మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, ఆగ్నేయంగా ప్రయాణించి, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వస్తుంది. సంగారెడ్డి ప్రాంతంలో మలుపు తిరిగి ఉత్తర దిశ పడుతుంది. సింగూరు దాటి, నిజాంసాగర్ దాటి, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోడకు వేలాడే తెలంగాణ పటంలో ఈ దారిని వేలితో చూపిస్తే వేలు కింది నుంచి పైకి పోతుంది. మా బడిలో అయిదో తరగతి అమ్మాయి ఒకతె అలా వేలు పెట్టి చూపిస్తూ చూపిస్తూ ఆగిపోయి, "సార్, నీళ్లు మీదికి ఎట్ల పోతయి?" అని అడిగింది. వెనక నుంచి ఇంకో పిల్లవాడు "మోటారు పెడితే పోతయి" అన్నాడు. వాడిది నవిపేట వైపు చుట్టరికం. అక్కడ అలీసాగర్ ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని మోటార్లతో ఎక్కించి నిజాంసాగర్ చివరి ఆయకట్టుకు అందిస్తుంది. వాడు చూసిన దాన్ని బట్టి వాడు చెప్పిన జవాబులో తర్కం ఉంది. ఆ అమ్మాయి ప్రశ్నలో ఇంకా పెద్ద విషయం ఉంది. పటంలో 'పైన' అంటే ఎత్తు అని ఆమె అనుకుంటున్నది. గోడకు తగిలించిన పటాన్ని తప్ప మరో పటాన్ని చూడని ఏ పిల్లకైనా అలాగే అనిపిస్తుంది. పెద్దయ్యాక కూడా నదులన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి 'దిగుతాయి' అనుకునేవారిని నేను ఉపాధ్యాయుల్లోనే చూశాను.

ఆ పటాన్ని గోడ మీద నుంచి దింపి వరండాలో నేల మీద పరిచాం. పొద్దుటి సూర్యుడికి ఎదురుగా నిలబడి ఎడమచేయి చాపితే ఉత్తరం కదా, పటంలోని ఉత్తరం అంచును ఆ వైపుకు తిప్పి పెట్టాం. అప్పుడు 'మీద' అన్నదే లేకుండా పోయింది. కందకుర్తి కాలువ గట్టు వైపు వెళ్లింది, సంగారెడ్డి వంటగది వైపు వెళ్లింది. తర్వాత ఆవరణలో ఇసుక కుప్పను కొంచెం ఏటవాలుగా సర్ది, చెంబుతో నీళ్లు పోసి, ఏటవాలును నాలుగు దిక్కులకూ మార్చి మార్చి చూశాం. నీళ్లకు దిక్కు తెలియదు, వాలు ఒక్కటే తెలుసు అని పిల్లలు తమ మాటల్లో తామే చెప్పారు.

పాఠం అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఇసుకతో ఆటగానే మిగిలేది. అది వానాకాలం. ప్రాజెక్టుల నీటిమట్టాలు రోజూ పత్రికల్లో వస్తున్నాయి. నిజాంసాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 1,405 అడుగులు, గోదావరి మీద ఉన్న శ్రీరాంసాగర్‌ది 1,091 అడుగులు, సింగూరుది 523.6 మీటర్లు. సింగూరు అంకె మిగతా రెండింటి కంటే చిన్నగా ఉందేమిటని పిల్లలే పట్టుకున్నారు. మీటర్లను అడుగుల్లోకి మార్చడం ఆ రోజు గణితం పాఠమైంది. 1,700 పైచిలుకు అడుగులు వచ్చాయి. సింగూరు నుంచి నిజాంసాగర్‌కూ, అక్కడి నుంచి కందకుర్తి మీదుగా శ్రీరాంసాగర్‌కూ నీళ్లు ఎందుకు వెళతాయో ఆ మూడు అంకెలే చెప్పేశాయి. నిజాంసాగర్, శ్రీరాంసాగర్‌ల మధ్య తేడా 314 అడుగులని లెక్క కట్టిన తర్వాత, నవిపేట పిల్లవాడు మోటారు ఎందుకు కావాలో తనంతట తానే చెప్పాడు. గోదావరి కింద ఉంది, పొలాలు మీద ఉన్నాయి. ఈసారి 'మీద' అన్న మాటను వాడు సరైన అర్థంలోనే వాడాడు.

ఈ పాఠాన్ని ఎనిమిదో తరగతిలో సోషల్ టీచరు ఇంతకంటే బాగా, దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉండడం, గోదావరి కృష్ణలు అటే పారడం, నర్మద తపతులు పడమటికి పోవడం అన్నీ కలిపి చెప్పగలరు. కానీ అప్పటికి ఆ అమ్మాయి ప్రశ్న అడగడం మానేసి ఉంటుంది. 'పటంలో పైన' అన్న అపోహ లోపల అలాగే ఉండి, దాని మీద రేఖాంశాలూ రుతుపవనాలూ పేరుకుంటాయి. ఇంకో సంగతి, ఆ ఉన్నత పాఠశాలకు పది ఊళ్ల పిల్లలు వస్తారు. అక్కడ ఏ ఒక్క ఊరి కాలువనూ ఆధారం చేసుకోవడం కష్టం. ప్రాథమిక బడికి ఉన్న అదృష్టం అదే. తరగతిలో ఉన్నవారందరిదీ ఒకే కాలువ, ఒకే వాగు, ఒకే బస్టాండు.

ఈ పిల్లలకు తెలిసింది కూడా తక్కువేమీ కాదు. నిజాంసాగర్ ఆయకట్టు ఊళ్లలో యాసంగి వచ్చిందంటే ఎన్నో తడి ఇస్తున్నారు, మా డిస్ట్రిబ్యూటరీకి ఎప్పుడు వదులుతారు, చివరి పొలాలకు అందుతుందా అన్నవే ఇంట్లో మాటలు. రాత్రి తండ్రితో పాటు మడికి నీళ్లు మళ్లించడానికి వెళ్లి వచ్చిన పిల్లవాడికి వాలు గురించి నాకంటే ఎక్కువ తెలుసు. ఆ తెలివిని బడి గుర్తించాలంటే బడిలో ఉన్న మనిషికి దాని విలువ తెలియాలి. తనను చదువు, రాత, లెక్కలు నేర్పేవాడిగా మాత్రమే ఎంచుకునే ఉపాధ్యాయుడికి ఆ పిల్లవాడు రాత్రి నిద్రలేక తరగతిలో కునికిపాట్లు పడేవాడిగానే కనబడతాడు.

కంఠస్థం మీద నాకున్న అసంతృప్తికి మరో కారణం మన రెండు రాష్ట్రాల ఇటీవలి చరిత్రే. విజయనగరం ఏర్పడిన 1979 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలని తరాలకు తరాలు వల్లె వేశాయి. 2014లో అవి 10, 13గా విడిపోయాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 26. మా నిజామాబాదు నుంచి కామారెడ్డి వేరైన తర్వాత నిజాంసాగర్ ఆనకట్ట ఒక జిల్లాలో, దాని కింద పారే పొలాల్లో చాలా భాగం ఇంకో జిల్లాలో పడ్డాయి. జిల్లాల పేర్లు నేర్పవద్దని కాదు. పేర్లు మారినా కాలువ ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిసిన పిల్లలకు కొత్త సరిహద్దు అర్థం చేసుకోవడం ఒక్కరోజు పని. పేర్లే నేర్చుకున్నవారు మొత్తం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ప్రాథమిక ఉపాధ్యాయుడికీ భూగోళానికీ ఏం సంబంధమని అడిగేవారికి నేను నైన్‌సింగ్ రావత్ పేరు చెబుతాను. నేటి ఉత్తరాఖండ్‌లోని పితోర్‌గఢ్ జిల్లా మిలాం ఆయన ఊరు. అక్కడి బడిపంతులు కాబట్టే ఆయనకు 'పండిత్' అన్న పేరు నిలిచింది. 1863లో బ్రిటిష్ సర్వే అధికారి కెప్టెన్ మాంట్‌గొమరీ ఆయనను సర్వే పనికి ఎంచుకొని డెహ్రాడూన్‌లో శిక్షణ ఇప్పించాడు. బయటివారికి ప్రవేశం లేని టిబెట్‌లోకి యాత్రికుడి వేషంలో వెళ్లిన ఆయన చేతిలోని జపమాలలో 108 పూసలకు బదులు 100 ఉండేవి. నూరు అంగలకు ఒక పూస జరిపేవారు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అంగలు. ఒక్కో అంగ ఒకే కొలతతో పడేలా నెలల తరబడి సాధన చేశారు. రాసుకున్న లెక్కలు ప్రార్థనా చక్రంలో దాచేవారు. నీరు మరిగే ఉష్ణోగ్రతను బట్టి ఎత్తును కట్టేవారు. లాసా నగరం ఎత్తూ, స్థానమూ నమ్మదగిన రీతిలో పటానికి ఎక్కింది 1865-66 నాటి ఆ ప్రయాణంతోనే. 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. సామ్రాజ్య ప్రయోజనాల కోసం జరిగిన పని అది, ఆ సంగతి మరచిపోకూడదు. అయినా ఒక పల్లెటూరి బడిపంతులు తన అంగలతో ఖండాన్ని కొలిచాడన్న విషయం మన శిక్షణా సంస్థల్లో ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆయన పద్ధతిని మా పిల్లలతో చేయించవచ్చు, చేయించాను కూడా. బడి గేటు నుంచి కాలువ వంతెన దాకా నడుస్తూ ప్రతి నూరు అంగలకు ఒక చింతగింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చుకోవాలి. తిరిగి వచ్చాక ఒక్కొక్కరి దగ్గర ఒక్కో లెక్క. ఎవరిది సరైనదన్న తగాదా మొదలైంది. అందరి లెక్కా సరైనదే, అంగలే వేరని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. టేపుతో ఎవరి అంగ వారు కొలుచుకొని, గుణించి చూసుకుంటే దూరాలు దగ్గర దగ్గరగా వచ్చాయి. స్కేలు అన్న భావన పిల్లల చేతికి చిక్కేది ఇక్కడే. తర్వాత ఆ దారిని కాగితం మీదికి దింపమంటే ఒక పిల్లవాడు వాళ్ల ఇంటిని బడికంటే పెద్దగా వేశాడు. ఆ వయసుకు అది సహజం. దాన్ని దిద్దడానికి ఎర్ర పెన్ను పనికిరాదు. వాడితో కలిసి మళ్లీ నడవాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది సమయం. పిల్లలకు చదువు, లెక్కల పునాది వేసే కార్యక్రమాలుగా 2021లో కేంద్రం నిపుణ్ భారత్, 2022లో తెలంగాణలో తొలిమెట్టు వచ్చాక చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలే మా పనికి కొలమానాలయ్యాయి. మూడో తరగతికి వచ్చినా అక్షరాలు రాని పిల్లలు ఉన్న బడిలో ఆ ప్రాధాన్యాన్ని నేను ప్రశ్నించను. కానీ పర్యవేక్షణకు వచ్చే అధికారి చూసేది వాటినే అయినప్పుడు, ఉపాధ్యాయుడు తన విలువను కూడా వాటితోనే కొలుచుకోవడం మొదలుపెడతాడు. పటం చదవడం కూడా చదవడమే అని ఆ కొలమానాల్లో ఒక్క వరుసైనా చేర్చితే పరిస్థితి మారుతుంది. పైన చెప్పిన పాఠాల్లో గుణకారం, ప్రమాణాల మార్పిడి, పత్రిక చదవడం అన్నీ ఉన్నాయన్నది గమనించమని కోరుతున్నాను.

రెండో అభ్యంతరం తల్లిదండ్రులది. "చదువు చెప్పకుండా ఊరంతా తిప్పుతున్నడు" అన్న మాట వస్తుంది. పిల్లలను కాలువ దాకా తీసుకెళ్లడంలో ప్రమాదం ఉన్నమాట కూడా నిజం. ఇద్దరే ఉపాధ్యాయులున్న చోట ఒకరు బయటికి వెళితే మిగిలిన తరగతులన్నీ రెండోవారి మీద పడతాయి. అందుకే మూడు, నాలుగు, అయిదు తరగతులను కలిపే తీసుకెళ్లాలి, తోడుగా ఒకరిద్దరు తల్లులనో తాతలనో పిలవాలి. పిలిచిన తాతే ఫలానా ఏడు వరద ఎక్కడిదాకా వచ్చిందో చూపించి పాఠం చెప్పడం మొదలుపెట్టాక, ఊరు తిప్పుతున్నారన్న మాట దానంతట అదే తగ్గుతుంది.

మూడోది అన్నింటికంటే బలమైనది. ఉపాధ్యాయుడు ఆ ఊరివాడు కాడు. పట్నంలో ఉండి బస్సులోనో బైకు మీదో వచ్చి, సాయంత్రం వెళ్లిపోతాడు. కొన్నేళ్లకు బదిలీ. అలాంటివాడు ఊరి భూగోళం ఎలా చెబుతాడు? అందువల్లే ప్రాథమిక స్థాయిలో కూడా విషయ నిపుణులు కావాలని కొందరు అంటున్నారు. నా సమాధానం అందుకు పూర్తిగా భిన్నం. నిపుణుడిని పంపినా అతనూ అదే బస్సులో వస్తాడు. తెలియని ఊరిని తెలుసుకునే పద్ధతి తెలిసి ఉండడమే ప్రాథమిక ఉపాధ్యాయుడికి కావలసిన భూగోళ నైపుణ్యం. దిక్కులు కట్టడం, వాలు గుర్తించడం, గ్రామ నక్ష (ఊరి భూముల పటం) చదవడం, పెద్దల్ని అడిగి రాసుకోవడం నేర్చుకోవడానికి ఎమ్మే భూగోళం అవసరం లేదు. డీఈడీ రెండేళ్లలో కొన్ని వారాలు చాలు, అది గదిలో కాకుండా ఒక ఊళ్లో జరిగితే. ఉద్యోగంలో ఉన్నవారికి చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్సు సమావేశాల్లో ఒకదాన్ని ఏటా ఒక్కో ఊరి చెరువు కట్ట మీద పెట్టవచ్చు. నక్ష రెవెన్యూ శాఖ దగ్గర ఉంటుంది. సర్వే నంబర్లు, వాగులు, చెరువులు, బాటలు అన్నీ గీసి ఉండే ఆ కాగితం నకలు ప్రతి బడికీ ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కానీ నేను పనిచేసిన ఏ బడిలోనూ అది కనబడలేదు.

బదిలీ అయిన ఉపాధ్యాయుడు ఛార్జి అప్పగించేటప్పుడు తాళాలు, అడ్మిషన్ రిజిస్టరు, మధ్యాహ్న భోజనం బియ్యం నిల్వ, బెంచీల లెక్క అన్నీ రాసి సంతకం పెడతాడు. ఆ ఊరి గురించి తెలుసుకున్నదంతా మాత్రం అతనితోనే బస్సెక్కి వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, చాలామంది మొదలే పెట్టరు. అందుకే ఛార్జి జాబితాలో ఇంకొక్క వస్తువు చేర్చమని నేను మండల స్థాయిలో అడుగుతూ వస్తున్నాను. పిల్లలు గీసిన ఊరి పటం, దానితో పాటు ఒక నోటుబుక్కు. బడి నుంచి వాగుకు ఎంత దూరం, కాలువకు నీళ్లు ఏ నెలలో వస్తాయి, ఏ వీధి ముందు మునుగుతుంది, ఎర్రనేల ఎక్కడ ముగిసి రేగడి ఎక్కడ మొదలవుతుంది, ఏ బోరు ఎన్ని అడుగుల్లో పడింది, పాత సంగతులు ఏ ఇంట్లో ఎవరిని అడగాలి అన్నవి అందులో రాసి ఉండాలి. వచ్చినవారు దాన్ని పిల్లలతో కలిసి సరిచూసి, మారినవి దిద్ది, తమవి చేర్చి, వెళ్లేటప్పుడు తర్వాతి వారికి అప్పగించాలి. నేను ఉన్న బడిలో అలాంటి పుస్తకం ఇప్పటికే నడుస్తున్నది. దాన్ని ఛార్జి జాబితాలో రాసి సంతకం తీసుకోవడానికి అధికారిక నమూనాలో ఒక గడి కావాలి.